దిగడం సగం పనే, తిరిగి లేవడమే అసలు పరీక్ష: ధ్రువ ప్రాంతాల గగనతలంలో సైనిక పైలట్ల ప్రస్థానం

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): ఉక్కు ఎంత వేడికి కరుగుతుందో భిలాయ్ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిమి నుంచి ప్రవహించే ద్రవలోహమే ఈ పట్టణానికి జీవనాధారం. అయితే అదే ఉక్కు ఎంత చలికి పెళుసుబారి పగులుతుందన్న ప్రశ్న ఇక్కడి ప్రయోగశాలల్లో తప్ప బయట అంతగా వినిపించదు. భూగోళపు అంచున ఉన్న మంచు ఖండానికి మనుషులనూ, మందులనూ, ఇంధనాన్నీ చేరవేసే సైనిక పైలట్లకు మాత్రం అది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. మైనస్ 50 డిగ్రీల చలిలో విమానంలోని ప్రతి లోహపు ముక్కా, ప్రతి రబ్బరు బిళ్లా, ప్రతి ఇంధనపు చుక్కా పైలట్‌కు పరీక్ష పెడతాయి.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులతో పాటు వేలాది తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడే స్థిరపడ్డాయి. ఇంజనీరింగ్ చదువులకు, సైనిక దళాల ప్రవేశ పరీక్షలకు పిల్లలను సిద్ధం చేసే సంప్రదాయం ఈ పట్టణంలో బలంగా ఉంది. యుద్ధ విమానం నడపాలన్న కల సాధారణమే. కానీ రవాణా విమానపు పైలట్ జీవితం ఎలా ఉంటుందో, అందులోనూ ధ్రువ ప్రాంతాల రవాణా ఎందుకు అత్యంత కఠినమైనదిగా పేరు పొందిందో చాలామందికి తెలియదు. అంటార్కిటికాలో భారత్‌కు ప్రస్తుతం రెండు పరిశోధన కేంద్రాలు నడుస్తున్నందున ఈ విషయం మన దేశానికి దూరపు ముచ్చట కాదు.

దక్షిణ ధ్రువంపై 49 నిమిషాలు

ధ్రువ వైమానిక రవాణా చరిత్రలో ఒక సైనిక పైలట్ పేరు ప్రత్యేకంగా నిలిచిపోయింది. ఆయనే అమెరికా నౌకాదళానికి చెందిన కాన్రాడ్ షిన్. సహచరులు ‘గస్’ అని పిలిచేవారు. 1922లో నార్త్ కరోలినా రాష్ట్రంలో జన్మించిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో చేరి రవాణా విమానాల పైలట్‌గా ఎదిగారు. 1946-47లో అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ నేతృత్వంలో జరిగిన ‘హైజంప్’ యాత్రలో పాల్గొని తొలిసారి మంచు ఖండాన్ని చూశారు. ఆ యాత్రలో విమానవాహక నౌక డెక్ మీది నుంచే రవాణా విమానాలను రాకెట్ సీసాల సాయంతో గాలిలోకి లేపి అంటార్కిటికా చేర్చారు.

పదేళ్ల తరువాత, 1956 అక్టోబరు 31న, షిన్ నడిపిన ఆర్4డీ విమానం దక్షిణ ధ్రువంపై దిగింది. ఆర్4డీ అంటే మరేదో కాదు, భారతీయులకు ‘డకోటా’గా సుపరిచితమైన విమానానికి అమెరికా నౌకాదళం పెట్టుకున్న పేరు. ఆ విమానానికి నాడు ప్రజాదరణ పొందిన ఒక పాట ఆధారంగా ‘కే సెరా సెరా’ అని నామకరణం చేశారు. అందులో రియర్ అడ్మిరల్ జార్జ్ డ్యూఫెక్ సహా ఏడుగురు ఉన్నారు. 1912 జనవరిలో కెప్టెన్ స్కాట్ బృందం కాలినడకన చేరిన తరువాత ధ్రువంపై మానవుడు అడుగుపెట్టడం మళ్లీ అదే మొదటిసారి. ఏదైనా ప్రమాదం సంభవిస్తే అత్యవసర సామగ్రి జారవిడిచేందుకు అమెరికా వాయుసేనకు చెందిన భారీ గ్లోబ్‌మాస్టర్ విమానం ఒకటి పైన చక్కర్లు కొడుతూ ఉంది.

దిగడం సాఫీగానే జరిగింది. ఉష్ణోగ్రత సుమారు మైనస్ 50 డిగ్రీలు. ఇంజన్లను ఆపకుండా నడుపుతూనే ఉంచారు. డ్యూఫెక్, మరికొందరు బయటకు దిగి జెండా పాతారు. 49 నిమిషాల తరువాత బయలుదేరాలని ఇంజన్ల శక్తి పెంచితే విమానం కదలలేదు. దాని స్కీలు మంచుకు అతుక్కుపోయాయి. అప్పుడు విమానానికి అమర్చిన రాకెట్ సీసాలను షిన్ ఒక్కో విడతగా మండించారు. మొదటి విడతకు చలనం లేదు. ఆపై మరో విడత. చివరకు మొత్తం 15 సీసాలూ ఖర్చయ్యాక గానీ విమానం గాలిలోకి లేవలేదు. ఆ సీసాలు కూడా అయిపోయి ఉంటే వారు అక్కడే చిక్కుకుపోయేవారు.

ఆ ప్రయాణం సాహస ప్రదర్శన కోసం చేసింది కాదు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం కోసం ధ్రువంపై శాశ్వత పరిశోధన కేంద్రం నిర్మించవలసి ఉంది. విమానం అక్కడ దిగగలదా, దిగితే లేవగలదా అన్న సందేహం తీరితేనే పని మొదలవుతుంది. ఆ సందేహం తీరిన కొద్ది నెలల్లోనే అముండ్సెన్-స్కాట్ కేంద్రం సిద్ధమైంది. షిన్ నడిపిన విమానం ఇప్పుడు ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ వైమానిక మ్యూజియంలో ఉంది. అంటార్కిటికాలో అత్యున్నత శిఖరమైన విన్సన్ సమీపంలోని ఒక పర్వతానికి ఆయన పేరు పెట్టారు. 2025 మే నెలలో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మంచు ఎందుకు పట్టుకుంటుంది?

మంచు జారుతుందనేది మన సాధారణ అనుభవం. అయితే తీవ్రమైన చలిలో అది ఇసుకలా ప్రవర్తిస్తుంది. మామూలు చలిలో స్కీ కదిలినప్పుడు రాపిడి వేడికి మంచు పైపొర లేశమాత్రంగా కరిగి, పలుచని నీటి పొర ఏర్పడుతుంది. జారుడు దానివల్లనే కలుగుతుంది. మైనస్ 50 డిగ్రీల వద్ద ఆ పొర ఏర్పడడం కష్టం కనుక స్కీలు ముందుకు సాగవు. మరోవైపు, దిగేటప్పటి రాపిడితో వెచ్చబడిన స్కీల కింద కరిగిన కొద్దిపాటి తేమ, విమానం ఆగిన మరుక్షణమే గడ్డకట్టి జిగురులా పనిచేస్తుంది. షిన్ బృందానికి ఎదురైన చిక్కు ఇదే.

దీనికి తోడు ఎత్తు సమస్య ఉంది. దక్షిణ ధ్రువం సముద్రమట్టానికి సుమారు 2,835 మీటర్ల ఎత్తున, కిలోమీటర్ల మందం ఉన్న మంచు పలక మీద ఉంది. అంత ఎత్తులో గాలి పలుచబడుతుంది. రెక్కలకు ఎత్తుడు శక్తి తగ్గుతుంది, ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది. అంటే లేవడానికి ఎక్కువ వేగం కావలసిన చోటే, ఆ వేగం అందుకోవడం అన్నిటికంటే కష్టమవుతుంది.

ఈ అనుభవం నుంచే నేటి పద్ధతులు పుట్టాయి. స్కీలు అమర్చిన ఎల్‌సీ-130 హెర్క్యులస్ విమానాలను న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఎయిర్ నేషనల్ గార్డ్ 109వ ఎయిర్‌లిఫ్ట్ వింగ్ నడుపుతోంది. ధ్రువంపై దిగాక కూడా వాటి ఇంజన్లు తిరుగుతూనే ఉంటాయి. సరుకును వీలైనంత త్వరగా దించుతారు. ఎనిమిది రెక్కల కొత్త ప్రొపెల్లర్లు రావడంతో రాకెట్ సీసాల అవసరం బాగా తగ్గింది. ఈ విమానాలు ఒక నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఉష్ణోగ్రతలో దిగరాదన్నది నియమం.

చలికి లొంగేవి: లోహం, నూనె, రబ్బరు

ఆ నియమం వెనుక లోహశాస్త్రం ఉంది. సాధారణ కార్బన్ ఉక్కుకు ఒక స్వభావం ఉంది. గది ఉష్ణోగ్రతలో దెబ్బ తగిలితే వంగుతుంది, సాగుతుంది. ఒక పరిమితి దాటిన చలిలో అదే దెబ్బకు గాజులా పగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా హడావుడిగా వెల్డింగ్ చేసి నిర్మించిన నౌకలలో అనేకం చల్లని నీటిలో పగుళ్లిచ్చాయి. 1943 జనవరిలో ‘షెనెక్టడీ’ అనే ట్యాంకర్ నౌక రేవులో నిలిచి ఉండగానే రెండుగా చీలింది. ఉక్కు నాణ్యతను చలిలో కూడా పరీక్షించాలన్న పట్టుదల ఆ తరువాతే పెరిగింది.

విమానాల దేహాన్ని ప్రధానంగా అల్యూమినియం మిశ్రమ లోహాలతో చేస్తారు. అల్యూమినియానికి ఈ పెళుసుదనం రాదు. కానీ దిగుడు చక్రాల ఇరుసులు, బోల్టులు, స్కీలను పట్టి ఉంచే భాగాలకు ఉక్కు తప్పనిసరి. వాటికి నికెల్ వంటి లోహాలు కలిపిన ప్రత్యేక ఉక్కునే వాడతారు. ఈ విద్య భిలాయ్‌కు కొత్త కాదు. దేశీయంగా నిర్మించిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ కోసం స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా (సెయిల్) సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును సరఫరా చేసింది. భిలాయ్, బొకారో, రవుర్కెలా కర్మాగారాలు ఆ ఉక్కు పలకలను తయారు చేశాయి. గడ్డకట్టే చలిలో కూడా పగలకుండా నిలవడం ఆ రకం ఉక్కుకు పెట్టిన ప్రధాన పరీక్షల్లో ఒకటి.

లోహం తట్టుకున్నా మిగిలినవి తట్టుకోవాలి. ప్రయాణికుల విమానాలలో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకే అంటార్కిటికాలో అమెరికా బృందాలు మైనస్ 58 డిగ్రీల వరకు ద్రవంగా ఉండే ప్రత్యేక ఇంధనాన్ని వాడతాయి. ఇంజన్ నూనె చిక్కబడుతుంది. హైడ్రాలిక్ గొట్టాల రబ్బరు సీళ్లు గట్టిపడి కుంచించుకుపోతే ద్రవం కారుతుంది. బ్యాటరీల శక్తి సన్నగిల్లుతుంది. మెకానిక్ మందపాటి చేతి తొడుగులతో చిన్న మరను బిగించలేడు, తొడుగు తీస్తే లోహానికి చర్మం అతుక్కుంటుంది. ఆరుబయట పది నిమిషాల మరమ్మతు అక్కడ గంటల పని అవుతుంది.

దిక్కులు తెలియని చోటు

దక్షిణ ధ్రువం మీద నిలబడితే ఏ వైపు చూసినా ఉత్తరమే. రేఖాంశాలన్నీ అక్కడ కలుస్తాయి కనుక ధ్రువానికి దగ్గరలో కొద్ది దూరం ఎగిరినా విమానపు దిశ అంకెలు వేగంగా మారిపోతాయి. అయస్కాంత దిక్సూచి సూది అడ్డంగా తిరగడానికి బదులు నేలకేసి వంగుతుంది. ఈ గందరగోళం తప్పించేందుకు పైలట్లు ‘గ్రిడ్’ పద్ధతిని అనుసరిస్తారు. గ్రీన్‌విచ్ రేఖకు సమాంతరంగా పటం మీద గళ్లు గీసి, వాటి ప్రకారమే దిశ లెక్కిస్తారు. ఉపగ్రహ మార్గదర్శనం లేని షిన్ కాలంలో నావిగేటర్‌కు సూర్యుడొక్కడే ఆధారం. వేసవిలో ఆరు నెలలు అస్తమించని సూర్యుడు ఉంటాడు గనుక నక్షత్రాలు కనబడే అవకాశమే లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘వైటౌట్’. మేఘం కమ్మిన ఆకాశం, మంచు కప్పిన నేల ఒకే తెలుపులో కలిసిపోయి క్షితిజరేఖ మాయమవుతుంది. నీడలు ఉండవు. గాలి స్వచ్ఛంగానే ఉంటుంది, దూరంగా ఉన్న నల్లని బండ స్పష్టంగానే కనిపిస్తుంది. కానీ ఎదురుగా లేస్తున్న మంచు వాలు మాత్రం సమతల మైదానంలా తోస్తుంది. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజిలాండ్ పర్యాటక విమానం అంటార్కిటికాలోని ఎరెబస్ అగ్నిపర్వతాన్ని ఢీకొని 257 మంది మరణించారు. కంప్యూటర్‌లోని మార్గం వివరాలు మార్చినప్పటికీ ఆ సంగతి సిబ్బందికి తెలియజేయలేదని, పర్వతపు వాలు వైటౌట్ వల్ల వారికి కనబడలేదని తరువాత విచారణ కమిషన్ తేల్చింది. కళ్లు చెప్పేదాన్ని నమ్మరాదని, పరికరాన్ని సైతం సరిచూసుకోకుండా నమ్మరాదని ఆ దుర్ఘటన ధ్రువ పైలట్లందరికీ పాఠమైంది.

వెనుదిరగడమూ నైపుణ్యమే

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి అమెరికా కేంద్రమైన మెక్‌ముర్డోకు సుమారు 3,800 కిలోమీటర్లు. జెట్ రవాణా విమానం సీ-17కు సుమారు ఐదు గంటలు, హెర్క్యులస్‌కు దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. మధ్యలో దిగడానికి విమానాశ్రయం లేదు. కాబట్టి మార్గంలో ఒక స్థలాన్ని ముందుగానే లెక్కగట్టి ఉంచుతారు. అక్కడి వరకు వచ్చి వెనుదిరిగితే ఇంధనం సరిపోతుంది. అది దాటితే ముందుకు వెళ్లి దిగడం తప్ప గత్యంతరం లేదు. ఆ స్థలానికి చేరేలోగా గమ్యస్థానపు తాజా వాతావరణ సమాచారం తెప్పించుకుని, ఏమాత్రం అనుమానం ఉన్నా పైలట్ వెనుదిరుగుతాడు. గంటల ప్రయాణం తరువాత బయలుదేరిన చోటికే తిరిగి రావడం అక్కడ వింత కాదు, వైఫల్యం అంతకంటే కాదు.

అయితే అవతలి కొసన ఎదురుచూసేది ఒక ప్రాణమైతే ఆ నిర్ణయం బరువెక్కుతుంది. 1999లో దక్షిణ ధ్రువ కేంద్రంలో ఏకైక వైద్యురాలైన జెరీ నీల్సన్ తన రొమ్ములో గడ్డను గుర్తించారు. చీకటి శీతాకాలంలో విమానం దిగే వీలు లేదు. జులైలో ఒక సైనిక విమానం చీకటిలోనే మందులు, పరికరాలు జారవిడిచింది. ఆమె తనకు తానే చికిత్స ప్రారంభించారు. అక్టోబరు 16న, మామూలుగా విమానాల రాకపోకలు మొదలయ్యే సమయం కంటే ముందే, 109వ వింగ్‌కు చెందిన హెర్క్యులస్ ఉష్ణోగ్రత పరిమితి అంచున ధ్రువంపై దిగి ఆమెను తీసుకువచ్చింది. ఆ తరువాత ఆమె దశాబ్దం పాటు జీవించారు. జులైలో దిగకపోవడం, అక్టోబరులో దిగడం, రెండూ సరైన నిర్ణయాలే.

మన డకోటా, మన ‘మూడో ధ్రువం’

షిన్ ధ్రువంపై దిగడానికి ఎనిమిదేళ్ల ముందే అదే రకం విమానంతో భారత వాయుసేన ఇటువంటి పరీక్షను ఎదుర్కొంది. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని లద్దాఖ్ రాజధాని లేహ్‌లో దించారు. ఆయనతో పాటు మేజర్ జనరల్ తిమ్మయ్య ప్రయాణించారు. సింధు నది ఒడ్డున ఇంజనీరు సోనమ్ నోర్బు ఆధ్వర్యంలో స్థానికులు సిద్ధం చేసిన ఇసుక నేలే రన్‌వే. 3,200 మీటర్లకు పైబడిన ఎత్తు, దారి చూపే పటాలు లేని పర్వత మార్గం. విమానంలో పీడన నియంత్రణ గానీ, మంచు తొలగించే ఏర్పాటు గానీ లేదు. ఆ సాహసం వల్లనే లేహ్‌కు సైనికులను చేర్చడం సాధ్యమైంది. మెహర్ సింగ్‌కు మహావీర చక్ర లభించింది. ఆ కాలంలోనే హైదరాబాద్‌లోని బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ డకోటాలతో పౌర సర్వీసులు నడిపేది.

ఉత్తర, దక్షిణ ధ్రువాల తరువాత అత్యధిక మంచు నిల్వలున్న హిమాలయ ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు ‘మూడో ధ్రువం’గా వ్యవహరిస్తారు. సియాచిన్ సైనిక శిబిరాలకు ఇప్పటికీ చీతా హెలికాప్టర్లే ప్రాణాధారం. 2013 ఆగస్టు 20న వాయుసేన సీ-130జే విమానం 16,614 అడుగుల ఎత్తునున్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. పలుచని గాలి, గడ్డకట్టే చలి, క్షణాల్లో మారే వాతావరణం భారత రవాణా పైలట్లకు కొత్తవి కావు. వారికి కొత్తగా ఎదురయ్యేవి సముద్రం మీది సుదీర్ఘ దూరాలు, మంచు రన్‌వేలు, పనిచేయని దిక్సూచి.

అంటార్కిటికాలో భారత్

1981 డిసెంబరు 6న గోవా నుంచి నౌకలో బయలుదేరిన తొలి భారత యాత్రా బృందం 1982 జనవరి 9న అంటార్కిటికాపై అడుగుపెట్టింది. ఆ బృందానికి డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వం వహించారు. నౌక నుంచి మంచు మీదికి మనుషులనూ, సామగ్రినీ చేర్చింది నౌకాదళ హెలికాప్టర్లే. 1983-84లో మూడో యాత్ర ‘దక్షిణ గంగోత్రి’ కేంద్రాన్ని నిర్మించింది. దాని నాయకుడు డాక్టర్ హర్ష్ గుప్తా తరువాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేశారు. కొన్ని వారాల వేసవిలోనే టన్నుల కొద్దీ సామగ్రిని నౌక నుంచి తరలించవలసిన ఆ పనిలో త్రివిధ దళాల సిబ్బంది పాలుపంచుకున్నారు. ఆ కేంద్రం మంచులో కూరుకుపోయాక 1989లో ‘మైత్రి’, 2012లో ‘భారతి’ వచ్చాయి. ఈ రెండింటి నడుమ దాదాపు 3,000 కిలోమీటర్ల దూరం ఉంది.

నేడు శాస్త్రవేత్తలలో అధికులు విమానంలోనే వెళుతున్నారు. భారత్ సహా 11 దేశాలు కలిసి ‘డ్రోమ్లాన్’ పేరుతో ఉమ్మడి వైమానిక వ్యవస్థను నడుపుతున్నాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి సుమారు 4,200 కిలోమీటర్లు ప్రయాణించి, రష్యా కేంద్రం నోవోలాజరెవ్‌స్కాయా సమీపంలోని రన్‌వేపై ఐఎల్-76 విమానం దిగుతుంది. మైత్రి కేంద్రం అక్కడికి దగ్గరలోనే ఉంది. ఆ రన్‌వే సిమెంటుది కాదు, తారుది కాదు. గాలి తాకిడికి పైమంచు కొట్టుకుపోగా బయటపడిన గట్టి నీలిమంచు. చక్రాల విమానం బరువును అది మోయగలదు గానీ బ్రేకులకు పట్టు ఇవ్వదు. వేసవి నడిమి ఎండకు ఉపరితలం మెత్తబడితే భారీ విమానాలను ఆపవలసి వస్తుంది. 2025 అక్టోబరులో గోవా నుంచే ఐఎల్-76 ద్వారా సుమారు 18 టన్నుల పరికరాలు, మందులు, ఇతర సామగ్రిని అంటార్కిటికాకు పంపారు. భారత గడ్డ నుంచి ఇటువంటి విమాన సరఫరా అదే మొదటిసారి.

నీలిమంచు రన్‌వే నుంచి ఇతర కేంద్రాలకు చిన్న స్కీ విమానాలు నడుస్తాయి. వాటిలో ముఖ్యమైనది బాస్లర్ బీటీ-67. పాత డకోటా దేహాన్ని పొడిగించి, టర్బో ఇంజన్లు అమర్చి తయారుచేసిన విమానమిది. మెహర్ సింగ్ లేహ్‌లో, షిన్ ధ్రువంపై దించిన విమానపు వారసురాలే నేటికీ మంచు ఖండంలో సరుకు మోస్తోంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. డ్రోమ్లాన్ విమానాలు అద్దె ప్రాతిపదికన నడిచేవి, రన్‌వే మరో దేశపు కేంద్రం సమీపంలోనిది. అత్యవసరంలో రోగిని తరలించాలన్నా ఆ ఉమ్మడి వ్యవస్థ మీదే ఆధారపడాలి. భారత వాయుసేన వద్ద ఐఎల్-76, సీ-17, సీ-130జే విమానాలు ఉన్నాయి. వీటిలో సీ-17లను అమెరికా వాయుసేన మెక్‌ముర్డోకు దశాబ్దాలుగా నడుపుతోంది. అంటే సాధనం కొరత కాదు. మంచు రన్‌వేపై దిగే అలవాటు, గ్రిడ్ పద్ధతిలో దారి వెదికే అభ్యాసం, అక్కడి వాతావరణాన్ని చదివే అనుభవం ఏళ్ల తరబడి కూడబెట్టుకోవలసినవి. ఒక్క విమానం కొన్నంత మాత్రాన అవి రావు.

దాటడం వేరు, దిగడం వేరు

2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణికుల విమానాన్ని నడిపింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు తొలి సర్వీసు పూర్తిగా మహిళా పైలట్ల చేతుల మీదుగా అదే మార్గంలో సాగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో తెలుగువారైన కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ధ్రువం మీదుగా వెళ్లే ప్రయాణికుల విమానానికి ఇంధనం చల్లబడకుండా చూసుకోవడం, సౌర తుపానులు రేడియో సంబంధాలను దెబ్బతీస్తే ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచుకోవడం, అత్యవసరంగా దిగేందుకు విమానాశ్రయాలను ముందే గుర్తించడం ప్రధాన సవాళ్లు. సైనిక రవాణా పైలట్‌కు ఇవన్నీ ఉంటాయి. వాటికి అదనంగా, ఆ మంచు మీదే దిగి, మళ్లీ లేవవలసి ఉంటుంది.

ఆ దారి ఎక్కడ మొదలవుతుంది?

వాయుసేనలో పైలట్ కావాలనుకునేవారికి ప్లస్ టూలో భౌతికశాస్త్రం, గణితం చదవడం తొలి మెట్టు. ఆపై జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష గానీ, పట్టభద్రులైతే వాయుసేన ఉమ్మడి ప్రవేశ పరీక్ష గానీ రాయాలి. 2022 నుంచి ఎన్‌డీఏలో యువతులకూ ప్రవేశం లభిస్తోంది. ఎంపికైనవారి ప్రాథమిక శిక్షణ హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో జరుగుతుంది. తరువాత యుద్ధ విమానాలు, రవాణా విమానాలు, హెలికాప్టర్ల శాఖలుగా విభజిస్తారు. హెలికాప్టర్ శిక్షణకు హకీంపేట, రవాణా విమానాల శిక్షణకు బెంగళూరు శివారులోని యలహంక పేరెన్నికగన్నవి.

రవాణా శాఖకు వెళ్లినవారు మొదట కో-పైలట్‌గా సంవత్సరాలు గడుపుతారు. వరదల్లో సహాయం, సరిహద్దు శిబిరాలకు సరుకు, క్షతగాత్రుల తరలింపు, ఇవే వారి దైనందిన విధులు. పతకాలు అరుదు, గంటలు ఎక్కువ. వాతావరణాన్ని, విమానాన్ని, తన అలసటను అంచనా వేసే సామర్థ్యం ఆ గంటల్లోనే అలవడుతుంది. కాన్రాడ్ షిన్ ధ్రువంపై దిగేనాటికి ఆయన వెనుక దాదాపు పధ్నాలుగేళ్ల నౌకాదళ సేవ ఉంది. రాకెట్ సీసాలను ఒక్కసారిగా కాక విడతలుగా మండించాలన్న నిబ్బరం ఆ సేవలోనిదే.

కొలిమి దగ్గర పనిచేసే కార్మికుడికి ఏ రంగు మంట కనిపిస్తే ఏం చేయాలో ఏళ్ల అనుభవమే నేర్పుతుంది. మంచు ఖండం అంచున, ముందుకా వెనక్కా అని తేల్చుకోవలసిన పైలట్‌ది కూడా అటువంటి విద్యే. మైత్రి, భారతి కేంద్రాల్లో శీతాకాలం గడిపే భారతీయులకు ఆ విద్య తెలిసిన పైలట్లు తమ దేశం నుంచే రావడం ఎప్పటికైనా అవసరమే. ఆ పైలట్ భిలాయ్ ఉక్కు నగరపు క్వార్టర్ల నుంచి రావచ్చు, దుండిగల్ పొరుగు పల్లె నుంచీ రావచ్చు. ఆ ప్రస్థానం మాత్రం మంచులో కాక, పదకొండో తరగతి భౌతికశాస్త్రంతో మొదలవుతుంది.